నేల, నీరు, ఆకాశం: ప్రకృతి చిత్రణలో అందం ఎవరిది?

మన సాహిత్య సభల్లో చిత్రకళ గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. మాట్లాడినా పోస్టర్ల గురించో, పుస్తకాల ముఖచిత్రాల గురించో నాలుగు మాటలు చెప్పి ఊరుకుంటాం. ఇక ప్రకృతి దృశ్య చిత్రణ ప్రస్తావన వస్తే రెండు అభిప్రాయాలు ఎదురవుతాయి. ఒకటి మనవాళ్ళదే. ఆకలీ అణచివేతా ఉన్న దేశంలో కొండలూ వాగులూ గీస్తూ కూచోవడం పలాయనం అంటారు. రెండోది సౌందర్యోపాసకులది. ప్రకృతి అందం శాశ్వతమనీ, దానికి వర్గమూ లేదు కాలమూ లేదనీ, చూసే కన్ను ఉంటే చాలుననీ అంటారు. ఈ రెండు వాదాలూ పైకి ఎడమొహం పెడమొహంగా కనిపిస్తాయి గాని, అడుగున ఒకే నమ్మకం మీద నిలబడ్డాయి. ప్రకృతి ఒకచోటా, మనుషుల బతుకు ఇంకొకచోటా ఉంటాయన్నదే ఆ నమ్మకం. అది ఎంతవరకు నిజమో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఉదాహరణలకు దూరం పోనక్కరలేదు. తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు దాకా, అక్కడినుంచి కొల్లేటి లంకల దాకా పరుచుకున్న నేలనే తీసుకుంటాను.

భావం ఎక్కడ పుడుతుంది?

ముందు పనితనం సంగతి చూద్దాం. ఒక ప్రకృతి చిత్రం ముందు నిలబడితే దిగులో, నెమ్మదో, భయమో కలుగుతుంది. అందులో మనిషి ముఖం ఉండదు, కథ ఉండదు. మరి ఆ భావం ఎక్కడినుంచి వచ్చింది? చిత్రకారుడి చేతిలో ముఖ్యంగా మూడు సాధనాలు ఉంటాయి. దిగంత రేఖను కాగితం మీద ఎంత ఎత్తున గీశాడన్నది ఒకటి. వెలుగుకూ చీకటికీ మధ్య ఎంత తేడా చూపాడన్నది రెండు. వస్తువుల అంచులను పదునుగా ఉంచాడా, కరిగించాడా అన్నది మూడు.

తాడేపల్లిగూడెం దగ్గర నిలబడితే మొదటి సాధనం సంగతి బోధపడుతుంది. ఉత్తరంగా మెట్ట: ఎర్ర నేల, తోటలు, మెల్లగా పైకి లేచే భూమి. దక్షిణంగా డెల్టా: పల్లం, వరి, కాలువలు. మెట్టవైపు తిరిగితే చూపుకు అడుగడుగునా ఏదో ఒకటి అడ్డం వస్తుంది. దిగంత రేఖ పైకి పోతుంది, చిత్రంలో నేల బరువు పెరుగుతుంది. పల్లంవైపు తిరిగితే చూపుకు అడ్డు లేదు. దిగంత రేఖ కిందికి జారుతుంది, కాగితంలో మూడింట రెండు వంతులు ఆకాశమే అవుతుంది. కింద నేల ఒక పట్టీలా మిగిలిపోతుంది. చూసేవాడికి తాను చిన్నవాడినన్న భావం దానంతటదే కలుగుతుంది.

మిగతా రెండు సాధనాలకు కొల్లేటి గట్టు చాలు. కార్తీకమాసపు తెల్లవారుజామున పొగమంచులో నీరూ, ఆకాశమూ, దూరపు తాటిచెట్టూ దాదాపు ఒకే బూడిద ఛాయలో ఉంటాయి. వెలుగు చీకట్ల తేడా చాలా తక్కువ. కాగితాన్ని ముందే తడిపి నీటిరంగు వేస్తే అంచులు వాటంతటవే కరిగిపోతాయి. చూపు దేనిమీదా గట్టిగా ఆగదు. మనసుకు నెమ్మది కలగడానికి కారణం ఇదే. అదే చోట రోహిణీకార్తె మధ్యాహ్నం వేరు. ఎండ రంగులన్నిటినీ పాలిపోయేట్టు చేస్తుంది, గట్టు కింద నీడ మాత్రం నల్లగా, పొట్టిగా, కత్తితో కోసినట్టు ఉంటుంది. ఆ పదునైన అంచే చూసేవాడికి దాహం పుట్టిస్తుంది. వాయుగుండం పట్టిన సాయంత్రం ఇంకో సంగతి. మామూలుగా ఆకాశం వెలుగు, నేల చీకటి. ఆ రోజు ఆకాశం సీసం రంగుకు తిరుగుతుంది. పడమటి అంచున మబ్బు చీలి ఏటవాలు వెలుగు పొలం మీద పడితే, ఆకాశం కన్నా నేలే ఎక్కువ మెరుస్తుంది. కంటికి అలవాటైన క్రమం తలకిందులవుతుంది. భయం అక్కడ పుడుతుంది.

ఇంతవరకు సౌందర్యోపాసకుడు నాతో ఏకీభవిస్తాడు. ఇక్కడినుంచే మా దారులు వేరవుతాయి.

ఒకే మబ్బు, రెండు చూపులు

మృగశిర కార్తెలో నల్లమబ్బు లేస్తే డెల్టా రైతు మనసు తేలికపడుతుంది. అంతే నల్లని మబ్బు, అదే దిక్కున, అదే వేళ, వరి కోసి పనలు పొలంలో ఉండగా లేస్తే అతని గుండె జారిపోతుంది. మబ్బులో రంగు మారలేదు. చిత్రకారుడు రెండింటికీ కలిపే నీలం, నలుపు పాళ్ళు ఒకటే కావచ్చు. మారింది కింద పొలంలో జరుగుతున్న పని. పట్నపు డాబా మీద నిలబడి చూసేవాడికి రెండు మబ్బులూ సమానంగా అందమైనవే. అతనికి చూపు లేదని నేను అనడం లేదు. అతని చూపుకు నేలతో లావాదేవీ లేదు, అంతే. కనుక మబ్బుకు భావం ఇచ్చేది వెలుగు ఒక్కటే కాదు. ఆ వెలుగు కింద ఎవరు ఏం పోగొట్టుకోబోతున్నారన్నది కూడా భావాన్ని నిర్ణయిస్తుంది.

రష్యన్ విమర్శకుడు చెర్నిషేవ్‌స్కీ 1855లో తన సౌందర్య సిద్ధాంత గ్రంథంలో ఈ సంగతినే మరో విధంగా చర్చించాడు. అందం ఎక్కడో ఆకాశంలో ఉన్న ఆదర్శం నుంచి దిగిరాదనీ, మనిషి తాను కోరుకునే జీవితపు గుర్తులను దేనిలో చూస్తాడో దానినే అందమంటాడనీ వాదించాడు. పల్లెటూరి కష్టజీవి మెచ్చే స్త్రీ రూపం, కులీనుడు మెచ్చే స్త్రీ రూపం వేరువేరుగా ఉండడానికి కారణం వాళ్ళ జీవితాల్లోనే ఉందని చూపాడు. స్త్రీ రూపం గురించి ఆయన చెప్పింది చేను గురించీ, చెరువు గురించీ కూడా నిజమే.

ఫ్రెంచి చిత్రకారుడు మిలే 1857లో ప్రదర్శించిన ఒక చిత్రంలో కోత ముగిసిన పొలంలో ముగ్గురు స్త్రీలు వంగి పరిగె ఏరుకుంటున్నారు. వెనక ఎండలో పెద్ద పెద్ద కుప్పలు, వాటి దగ్గర గుర్రం మీద ఒక అజమాయిషీదారు. మన డెల్టాలో పరిగె అన్న మాటకు అర్థం చెప్పనక్కరలేదు. ఆ చిత్రంలో వెలుగు ఎంతో మెత్తగా ఉంటుంది, పొలం బంగారంలా ఉంటుంది. అయినా పారిస్ సంపన్నులు కొందరు దానిని చూసి కలవరపడ్డారు. కుప్పకూ పరిగెకూ మధ్య ఉన్న దూరాన్ని చిత్రకారుడు ఆ అందమైన వెలుగులోనే చూపించాడు గనక.

చేసిన నేల

ప్రకృతి అని మనం అలవాటుగా పిలిచేదానిలో ఎంత భాగం మనిషి చేతిపని? డెల్టాలో ఈ ప్రశ్న తప్పించుకోలేం. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852 నాటికి పూర్తయింది. కాటన్ పేరు అందరికీ తెలుసు. మట్టి మోసిన వేలాది కూలీల పేర్లు ఎక్కడా లేవు. గోదావరి నీటిని తెచ్చే ఏలూరు కాలువ తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరుకు వస్తుంది. కృష్ణ నుంచి వచ్చే కాలువ కూడా ఏలూరులోనే దానిని కలుసుకుంటుంది. రెండు నదుల నీళ్ళు కలిసే ఆ చోటు ఏ భూగోళ సహజత్వమూ కాదు, పార పట్టిన చేతుల పని. ఈ కాలువల మీద ఒకప్పుడు పడవలు సరుకులతో, మనుషులతో మద్రాసు దిక్కుగా సాగాయి. కాలువగట్టు, గట్టుమీద వరసగా చెట్లు, అటూ ఇటూ గళ్ళు గళ్ళుగా వరి: కోనసీమ నుంచి కొల్లేరు దాకా మనం సహజ సౌందర్యమని మురిసిపోయే దృశ్యమంతా ఇట్లా చేసిన నేలే.

ఈ మాట అనగానే హాలెండు గుర్తుకొస్తుంది. అది కూడా పల్లపు దేశం, కాలువల దేశం. అక్కడివాళ్ళు నీటిని తోడి నేలను బయటికి తీశారు. బీమ్‌స్టర్ అనే పెద్ద సరస్సును 1612 నాటికి ఎండగట్టి పొలాలుగా మార్చారు. ప్రకృతి దృశ్యం ఒక స్వతంత్ర చిత్రకళాశాఖగా యూరపులో గట్టిగా నిలదొక్కుకున్నది ఆ దేశంలోనే, ఆ శతాబ్దంలోనే. అంతకు ముందు ప్రకృతి ఎక్కువగా దేవతల వెనకా, రాజుల వెనకా తెరలా ఉండేది. హాలెండులో చిత్రం కొనేవాడు వర్తకుడు, చేతివృత్తివాడు. తాము చేసుకున్న నేలను గోడమీద చూసుకోవాలనుకున్నారు. రూయిస్‌డాల్ 1670 ప్రాంతంలో హార్లెం పట్టణాన్ని చిత్రించాడు. పైన మూడింట రెండు వంతులు మబ్బుల ఆకాశం, కింద సన్నని నేల, ఆ నేలమీద పరిచి ఆరబెట్టిన నార బట్టలు. ఊరికి బువ్వ పెట్టే బట్టలు తెల్లబరిచే పనిని చిత్రంలో ముందుభాగాన పెట్టాడు. దిగువ దిగంత రేఖ అన్న శిల్పరహస్యం ఆ పల్లపు నేల నుంచే, ఆ నేలను తమదనుకున్న జనం నుంచే వచ్చింది.

మనకూ పల్లం ఉంది, కాలువలున్నాయి, వరి ఉంది. అయితే డెల్టా నేల దున్నేవాడిది కాలేదు. నేలను చేసినవాడికి గోడ లేదు, గోడ ఉన్నవాడికి నేలపని తెలియదు. మన డెల్టాకు ఒక రూయిస్‌డాల్ రాకపోవడానికి కారణం ప్రతిభ లోపమని నేను ఒప్పుకోను.

మన చిత్రకారులు

ప్రతిభకు రాజమండ్రి సాక్ష్యం చెబుతుంది. అక్కడి ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చిన కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు. ఆయన ప్రోత్సాహంతోనే దామెర్ల రామారావు బొంబాయి జె.జె. స్కూలుకు వెళ్ళారు. తిరిగి వచ్చి 1923లో రాజమండ్రిలో చిత్రకళాశాల నెలకొల్పారు. 1925లో మశూచితో పోయేనాటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు. ఆ కొద్ది కాలంలోనే ఆయన గోదావరినీ, ఆ చుట్టుపక్కల మనుషులనూ గీశారు. పురాణ, బౌద్ధ ఘట్టాల చిత్రాలతోనే ఆయనకు పేరు వచ్చినా, నదిని గీసేటప్పుడు వెలుగును తన కళ్ళతో చూసి గీశారన్నది రాజమండ్రి చిత్రశాలలో నిలబడితే తెలుస్తుంది. భీమవరం ప్రాంతంలో పుట్టిన అడివి బాపిరాజు కూడా కూల్డ్రే శిష్యులే. కుంచె, కలం రెండూ పట్టారు. తెలంగాణలో కొండపల్లి శేషగిరిరావు అక్కడి రాతిగుట్టలను మనిషి ముఖాల్లా శ్రద్ధగా చిత్రించారు.

తుమ్మపూడి సంజీవదేవ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కులూలోయలో రోరిక్ సాన్నిహిత్యం పొంది, తిరిగి గుంటూరు జిల్లాలోని తన పల్లెకే వచ్చి, 1999లో మరణించేదాకా అక్కడే ఉండి చిత్రాలు గీశారు, చిత్రకళ గురించి రాశారు. ఆయన సౌందర్య దృక్పథంతో మనకు పేచీ ఉంది. కాని చెట్టునీ మబ్బునీ ఎట్లా చూడాలో తెలుగు పాఠకుడికి ఓపికగా చెప్పినవారిలో ఆయన ముందువరసలో ఉంటారు. పేచీ ఉన్నంత మాత్రాన ఆయన నేర్పిన చూపును పారేసుకోవడం మనకే నష్టం.

మనిషి లేని చిత్రం

"అయితే ప్రకృతి చిత్రంలో తప్పకుండా కూలివాడిని పెట్టాలంటారా?" అని మిత్రులు అడుగుతారు. అక్కరలేదు. గట్టుమీద కొడవలి పట్టిన బొమ్మను నిలబెట్టినంత మాత్రాన చిత్రం అభ్యుదయ చిత్రం కాదు. వెలుగును సరిగా గీయలేనివాడు ఎర్రజెండా గీసినా అది అట్టముక్కలాగే ఉంటుంది.

రష్యన్ చిత్రకారుడు లెవితాన్ 1892లో గీసిన 'వ్లదీమిర్కా' చూడండి. ఒక మట్టిదారి. బూడిదరంగు ఆకాశం. పక్కన కాలిబాటలు. ఎక్కడో దూరాన ఒక చిన్న ఆకారం తప్ప మనుషులు లేరు. ఆ దారి వెంటే జారు ప్రభుత్వం ఖైదీలను సంకెళ్ళతో సైబీరియాకు నడిపించింది. ఆ సంగతి తెలిశాక ఆ దారి నిడివి మారిపోతుంది, ఆకాశం బరువు మారిపోతుంది. లెవితాన్ ఒక్క సంకెల కూడా గీయలేదు. దారిని అంత పొడవుగా, దిగంతంలో కలిసిపోయేదాకా సాగదీశాడు. అదే ఏడు, యూదుడన్న కారణంతో ఆయనను మాస్కో నుంచి వెళ్ళగొట్టారు. ఆ దారి చరిత్ర ఆయనకు తెలుసు. తెలియడంవల్లనే ఆ బూడిదరంగు అంత నిజమైంది.

కొల్లేరు ఇప్పుడు ఎట్లా ఉంది?

ఇప్పుడు కొల్లేటికి వద్దాం. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు ఇది. బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏరులు దీనిలోకి వస్తాయి. సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు. వానల్లో ఉబ్బి, వేసవిలో తగ్గి, తగ్గిన మేర వరి పండి, మళ్ళీ నీట మునిగి చేపలు పెరిగే ఈ రాకపోకలే లంక గ్రామాల పంచాంగం. చిత్రకారుడికి ఇంతకన్న కావలసింది ఏముంది? ఒకే చోటు ఏడాదిలో నాలుగు రూపాలు చూపిస్తుంది.

నేను చూసిన కొల్లేటి చిత్రాల్లో ఎక్కువ భాగం ఒకే మూసలో ఉంటాయి: తామరలు, ఒక దోనె, దోనెలో ఒక నల్లని ఆకారం, వెనక ఎర్రని సూర్యబింబం, పైన కొంగల బారు. బ్యాంకుల్లో, హోటళ్ళలో వేలాడేవి ఇవే. ఇది ఒకప్పటి కొల్లేరు. ఇప్పుడు ఎక్కడో కొన్ని మూలల్లో మిగిలింది. 1970ల దశకంలో మత్స్యకారులకూ దళితులకూ సహకార సంఘాలు పెట్టి ప్రభుత్వమే చేపల చెరువులు ఇచ్చింది. తరవాత డబ్బున్నవాళ్ళు లీజుల పేరుతో దిగారు. సరస్సు చాలామేర గట్లతో నిండిపోయింది. 1999లో అయిదో కాంటూరు వరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల జాబితాలో చేర్చారు. 2006లో గట్లు కొట్టేశారు. చాలాచోట్ల మళ్ళీ లేచాయి. పక్షికి నీరు కావాలి, వేటకు పోయేవాడికి బతుకు కావాలి, లీజుదారుకు లాభం కావాలి. మూడో కాంటూరు చాలునా, అయిదోది ఉండాలా అన్న తగవు ఇంకా నలుగుతూనే ఉంది. చిత్రకారుడు గీసే దిగంత రేఖ కంటికి కనిపిస్తుంది. సర్వేవాడు గీసిన కాంటూరు రేఖ నీటిమీద ఎక్కడా కనిపించదు. కాని ఏ ఇంట్లో పొయ్యి వెలగాలో అదే తేలుస్తుంది.

ఈ మార్పు కంటికి కూడా తెలుస్తుంది. ఏలూరు నుంచి కైకలూరు పోయే రోడ్డు కొల్లేటి మీదుగానే పోతుంది. చూపు ఎక్కడా ఆగని నీటిచదును పోయి, ఒకదాని వెనక ఒకటి గట్లు వచ్చాయి. దిగంత రేఖ ఒకటి కాదు, పది రేఖలు. గళ్ళు పడిన నీరు గళ్ళు పడిన ఆకాశాన్ని చూపిస్తుంది. గుర్రపుడెక్క పట్టిన కాలువ పచ్చని పచ్చికలా మోసం చేస్తుంది. ఐసు పెట్టెల్లో చేపలు లారీలెక్కి కలకత్తా దిక్కుగా పోతాయి. కేరళకు చెందిన పక్షిశాస్త్రజ్ఞుడు నీలకంఠన్ 1946లో పశ్చిమ గోదావరిలోని ఆరేడు దగ్గర చెట్లమీద పెద్ద గుంపులుగా గూళ్ళు పెట్టుకున్న గూడబాతులను చూశాడు. 1970ల నాటికి ఆ గూళ్ళు ఖాళీ అయ్యాయి. ఇప్పుడు ఆటపాక చెరువులో అటవీశాఖ పాతిన ఇనుప మంచెల మీద గూడబాతులు పిల్లలు చేస్తున్నాయి. నీటిలోంచి లేచిన ఇనుప చట్రం, దానిమీద తెల్లని పక్షులు, వెనక లేత గులాబి ఆకాశం. ఈ దృశ్యంలో అందం లేదని ఎవరంటారు? సిగ్గుపడవలసిన సంగతి లేదని మాత్రం ఎవరనగలరు? రెండూ ఒకే వెలుగులో ఉన్నాయి. ఇనుమును తీసేసి చెట్టుకొమ్మ గీసే చిత్రకారుడు పక్షికీ, మనకూ కూడా అబద్ధం చెబుతున్నాడు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు ఆ నీరంతా చివరికి కొల్లేటికే చేరింది. లంకల దారులు మునిగాయి. వరద తీసే దారులు పూడిపోయి, అడుగడుగునా గట్లు అడ్డం పడితే నీరు ఎక్కడికి పోతుందన్న ప్రశ్న పత్రికల్లో కొన్నాళ్ళు నడిచి ఆగిపోయింది. ఒక మంచి చిత్రం ఆ ప్రశ్నను గోడమీద ఏళ్ళతరబడి నిలబెట్టగలదు.

ఏం చేయాలి?

ఇంగ్లీషు చిత్రకారుడు కాన్‌స్టబుల్ 1821, 1822 సంవత్సరాల్లో మబ్బులను వరసగా గీస్తూ, వాటిలో చాలావాటి వెనక తేదీ, వేళ, గాలి దిక్కు రాసిపెట్టుకున్నాడు. మన యువ చిత్రకారులు ఆ పద్ధతినే ఒక అడుగు ముందుకు తీసుకుపోవచ్చు. తేదీ, గాలి దిక్కుతోపాటు ఆ రోజు ఆ పొలంలో ఏ పని జరుగుతోందో, కూలి ఎంతో, నీరు ఏ గుర్తుదాకా ఉందో కూడా చిత్రం వెనక రాయాలి. ఆదివారం సాయంత్రపు ఎర్రని సూర్యుడితో సరిపెట్టుకోకుండా, ఏడాది పొడుగునా ఒకే గట్టుకు పోయి గీయాలి. గీసినవాటిని ఏలూరు, తాడేపల్లిగూడెం హాళ్ళలో పెట్టేముందు లంక గ్రామాల బడుల్లో పెట్టాలి. నీటిలో బతికేవాడు "ఈ మబ్బు ఇట్లా ఉండదు" అంటే వినాలి. అంతకు మించిన విమర్శ మన పత్రికల్లో దొరకదు.

విమర్శకులమైన మనకూ పని ఉంది. కవితలో వస్తువు, శిల్పం అంటూ పేజీలకు పేజీలు రాస్తాం. ఒక చిత్రంలో వెలుగు ఎటునుంచి పడుతోందో చెప్పడం మాత్రం మనలో చాలామందికి రాదు. అది నేర్చుకోకుండా ప్రకృతి చిత్రణను పలాయనమని కొట్టిపారేస్తే, ఆ రంగాన్ని క్యాలెండర్లు అచ్చువేసేవాళ్ళకు మనమే అప్పగించినట్టవుతుంది. కొల్లేటి గట్లమీద ఇప్పుడున్న వెలుగును, ఇప్పుడున్న నీటిని, ఇప్పుడున్న మనుషులతో కలిపి గీసేవాళ్ళు కావాలి. వాళ్ళ చిత్రాలను ఓపికగా చూసి, నిజాయితీగా చర్చించే పత్రికలు కావాలి. ఆ చర్చకు ఈ వ్యాసం ఒక మొదలు అయితే చాలు.